ఎర్ర చుక్క ఉన్నవీ, లేనివీ

అతన్ని వీధిలో అందరూ నిదానం అనేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది గుర్తింపు కార్డు దాటి బయటికొచ్చిన దాఖలాలు లేవు. నిదానం అనగానే ఓర్పు, స్థితప్రజ్ఞత వగైరా మహాగుణాలు గుర్తొస్తాయి. వాటిలో ఏ ఒక్కటీ అతని దగ్గర లేదు. అతనిది స్వచ్ఛమైన, కల్తీలేని భయం. ఇంటికి తాళం వేశాక మూడుసార్లు లాగి చూసేవాడు. ఫోన్ మోగితే ఎవరికేం ముంచుకొచ్చిందోనని ముందు ఒక నిమిషం ఆలోచించి, ఆ తర్వాత హలో అనేవాడు. స్కూటరు మీద ముప్ఫై దాటిన సందర్భం చరిత్రలో లేదు. వెనకాల సైకిలు గంట వినపడితే పక్కకు తప్పుకుని దారిచ్చేవాడు.

ఇలాంటి మనిషికి దేవుడు తగిన వృత్తే చూపించాడు. కంప్యూటర్లు బాగుచేసేవాడు. ఆ పనిలో భయం లోపం కాదు, పనిముట్టు. చలికాలంలో తలుపు గొళ్లెం ముట్టుకుంటే చురుక్కుమంటుందే, ఆ పిసరంత కరెంటు చేతినుంచి ర్యామ్ ముక్కకు తగిలిందంటే అది చప్పుడు చేయకుండా చచ్చిపోతుంది. పూర్తిగా చచ్చినా నయమే. సగం చచ్చి, బతికున్నట్టు నటించడం దాని అసలు దుర్గుణం. అందుకని నిదానం దేన్ని ముట్టుకోవాలన్నా ముందు కిటికీ ఇనుప ఊచను మూడుసార్లు ముట్టుకునేవాడు. నిజానికి ఒకసారి చాలు. రెండోది మొదటిదాని మీద అనుమానంతో, మూడోది రెండోదానికి తోడుగా.

కొట్టు మామగారిది. ఆయన నలభై ఏళ్ల కిందట రేడియోలతో మొదలుపెట్టి, టేపురికార్డర్లూ టీవీలూ దాటుకుంటూ కంప్యూటర్ల దాకా నడిచొచ్చిన మనిషి. నిదానం పనిచేసే పెద్ద సర్వీసు సెంటరు మూతపడ్డాక, ఆరేళ్ల కిందట, ఆయన కొట్టులోకే వచ్చి చేరాడు. పదడుగుల గది. తూర్పు గోడకు ఒక బల్ల, పడమటి గోడకు ఒక బల్ల. మామా అల్లుళ్లు వీపుకు వీపు పెట్టి ఆరేళ్లు నిక్షేపంగా గడిపారు.

ఇద్దరి మధ్యా మర్యాద ఇంతా అంతా కాదు. ఆయన "అల్లుడుగారూ" అనేవాడు, ఇతను "మామయ్యగారూ" అనేవాడు, దాంతో మాటలు అయిపోయేవి. కూర్చోబెట్టి చెబితే అల్లుణ్ని చేతకానివాడన్నట్టు అవుతుందని ఆయన ఏదీ చెప్పేవాడు కాదు. అడిగితే మామగారి అనుభవాన్ని నిలదీసినట్టు అవుతుందని ఇతను ఏదీ అడిగేవాడు కాదు. ఈ ఏర్పాటువల్ల ఎవరి గౌరవానికీ వీసమెత్తు లోటు రాలేదు. వచ్చిన లోటల్లా ర్యామ్ ముక్కలకే.

ర్యామ్ అంటే పని జరుగుతున్నంతసేపూ కంప్యూటరు లెక్కలు పరుచుకునే చోటు. పాత కంప్యూటర్లలోంచి తీసిన ఆ ముక్కలు కొట్టులో పేరుకుపోతుంటాయి. వేలెడు పొడవు ఆకుపచ్చ పలక, దాని మీద నల్లటి చిప్పులు, కింద వరసగా బంగారు రంగు పళ్లు. ఏది మంచిదో, ఏది పోయినదో మొహం చూసి చెప్పలేం. మనుషుల సంగతీ అంతే అనుకోండి. అందుకని పరీక్ష చేశాక గుర్తు పెట్టుకోవాలి. ఇద్దరూ గోళ్లరంగుతో ఎర్ర చుక్కే పెట్టేవాళ్లు. సీసా కూడా ఒక్కటే, నిదానం భార్య వాడి పక్కన పడేసింది. తేడా ఒక్కచోటే ఉంది. సర్వీసు సెంటర్లో ఎరుపంటే ప్రమాదం కాబట్టి నిదానం పాడైన ముక్కకు చుక్క పెట్టేవాడు. రేడియోల కాలంలో పరీక్ష నెగ్గిన గాజు వాల్వుకు ఎర్ర చుక్క పెట్టడం చేతికి అలవాటైన మామగారు మంచి ముక్కకు పెట్టేవాడు. ఆయనవి పై సొరుగులో, ఇతనివి కింది సొరుగులో ఉండేవి. ఆరేళ్లలో ఒకరి సొరుగు ఒకరు తెరిచిన పాపాన పోలేదు. తెరవడం మర్యాద కాదు.

అలా ఇంకో అరవై ఏళ్లు జరిగిపోయేదే గానీ, మామగారి కుడికంట్లో శుక్లం ముదిరింది. ఎడమకన్ను చిన్ననాటి నుంచీ అలంకారానికే. ఆయన చూపూ, పనీ, పేపరు చదవడమూ, మనుషుల్ని గుర్తుపట్టడమూ అన్నీ ఆ కుడికంటి మీదే నడిచాయి. ఆపరేషన్ ఖాయం చేశారు. తర్వాత నెల్లాళ్లు దుమ్ము తగలకూడదని డాక్టరమ్మ చెప్పడంతో, ఆయన కూతురు, అంటే నిదానం భార్య, రెండు రోజులు సెలవు పెట్టి కొట్టు మొత్తం కడిగింది. ఆ ఊపులో పై సొరుగూ కింది సొరుగూ ఒకే బిస్కెట్ డబ్బాలో బోర్లించింది. ఒకే కొట్టు, ఒకే సామాను, రెండు చోట్ల ఎందుకనుకుంది. ఏ కోర్టులోనైనా నిలబడే తర్కమే అది.

ఆపరేషన్‌కు ముందురోజు మధ్యాహ్నం, అది జరగాల్సిన కంటి క్లినిక్ నుంచే కబురొచ్చింది. కన్ను కొలిచే గదిలోని కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోతోందట. మామగారు అప్పటికే కంట్లో మందు చుక్కలు వేసుకుని ఇంట్లో పడుకుని ఉన్నాడు. నిదానం వెళ్లాడు. నాలుగు జీబీ ముక్కలు రెండుంటే ఒకటి పోయింది. వెంట తీసుకెళ్లిన డబ్బాలో చుక్కలేని నాలుగు జీబీ ముక్క దొరకలేదు. ఎనిమిదిది ఒకటి దొరికింది. దాని పళ్లను పెన్సిలు రబ్బరుతో తుడిచి, అక్కడి ఇనప స్టూలును మూడుసార్లు ముట్టుకుని, బిగించాడు. తెర మీద పన్నెండు అని వచ్చింది.

నాలుగూ ఎనిమిదీ పక్కపక్కన పెడితే గొడవపడవా అని డాక్టరమ్మ అడిగింది. పడవని నిదానం వివరించాడు. రెండూ ఒకే జాతివైతే చాలు, సైజు వేరైనా ఫర్వాలేదు. చెరో నాలుగు వరకు జోడెడ్ల బండిలా సాగుతుంది, మిగిలిన నాలుగు ఒంటెద్దు బండి. రెంటిలో నెమ్మదిదాని వేగమే ఇద్దరి వేగం. ఏ కాపురంలోనైనా ఇంతే కదండీ అన్నాడు. డాక్టరమ్మ నవ్వింది. ముక్కను సరిగ్గా పరీక్షించాలంటే ఆరు గంటలు పడుతుంది. తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఆయా అతనికి ఇరవై నిమిషాలు ప్రసాదించింది.

ఆమెకు ధైర్యం చెప్పొచ్చాడు గానీ, తనకు చెప్పేవాళ్లెవరు? నాలుగూ ఎనిమిదీ, నాలుగూ ఎనిమిదీ అని అన్నం ముందు కూర్చుని కూడా గొణుక్కుంటుంటే భార్య ఎక్కాలు మర్చిపోయారా అని అడిగింది. తన దగ్గరున్న భయాన్నంతా అతను ఆ ఒక్క అనుమానం మీదే ఖర్చుపెట్టేశాడు. భయపడాల్సింది దానికి కాదు. భయస్తుల బతుకు ఎప్పుడూ ఇంతే, ముందు తలుపుకు నాలుగు గడియలు, పెరటి తలుపు బార్లా.

మర్నాడు ఉదయం కూతురు తండ్రిని క్లినిక్‌కు తీసుకెళ్లింది. ఆపరేషన్ పదకొండింటికి. నిదానం కొట్టు తెరిచాడు. ఎనిమిదిన్నర అయ్యేసరికి జిరాక్సు కొట్టు ఆవిడ కంప్యూటరు డబ్బాను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని ఆటోలో దిగింది. పోయిన నెల పెద్దాయన ఒక ర్యామ్ వేశాడట. అప్పటినుంచి గుర్రంలా పరిగెడుతోందట. అలాంటిదే ఇంకొకటి వెయ్యమంది. నిదానం మూత విప్పాడు. లోపలినుంచి ఎర్ర చుక్క ఒకటి అతన్ని సూటిగా చూసింది.

మామగారు చూపు ఆనక పాడైన ముక్క బిగించేశాడు కాబోలని మొదట అనుకున్నాడు. కానీ పాడైనది నెల్లాళ్లు గుర్రంలా పరిగెడుతుందా? ఆవిణ్ని సాయంత్రం రమ్మని పంపేసి, డబ్బాలోంచి ఎర్ర చుక్కవి రెండు తీసి చెరో పది నిమిషాలు పరీక్షలో పెట్టాడు. ఒకటి నెగ్గింది, ఒకటి తప్పింది. చుక్కలేనివి రెండు పెట్టాడు. ఒకటి నెగ్గింది. రెండోదానికి తెర నిండా తప్పుల వరసలు జలపాతంలా దిగాయి. అంటే చుక్కకు అర్థమే లేదు. లేకపోతే రెండు అర్థాలున్నాయి. ఆ రెండోదెవరిదో తట్టగానే, నిన్న క్లినిక్‌లో తను బిగించిన చుక్కలేని ముక్క గుర్తొచ్చింది.

ఆపరేషన్‌లో కంట్లోని మసకబారిన కటకం తీసేసి కొత్తది పెడతారు. దాని పవరెంతో కంటి పొడవును బట్టి లెక్కగట్టి చెప్పేది ఆ గదిలోని కంప్యూటరే. సగం చచ్చిన ముక్క ఆగిపోతే ఫర్వాలేదు, పట్టుబడుతుంది. కానీ ఆగకుండా పనిచేస్తూ, ఎక్కడో ఒక అంకెను నిమ్మకు నీరెత్తినట్టు మార్చేస్తే? కటకం పెట్టాక కాదనిపించి తీసి మార్చడం చొక్కా మార్చుకున్నంత తేలిక కాదు. పైగా ఆ మనిషికున్నది ఒక్క కన్ను. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. ఇక్కడ మామ సామాను తీసుకెళ్లి మామ కంట్లోనే పొడిచినట్టయింది.

టైము పదిన్నర. భార్య ఫోన్ ఆఫ్ చేసి ఉంది. క్లినిక్‌కు చేస్తే, మీ కాల్ మాకెంతో విలువైనది అని ఒక మరబొమ్మ గొంతు చెప్పి సంగీతం వినిపించింది. రెండు నిమిషాలు విన్నాడు. మూడో నిమిషంలో స్కూటరెక్కాడు.

ఆ రోజు నిదానం యాభై దాటాడు. వీధి చివర దర్జీ అది చూసి, వాళ్లింట్లో ఎవరో పోయారని పక్క కొట్టతనికి చెప్పాడట. చేతులకు చెమట పట్టి హ్యాండిలు జారింది. అయినా రెండు చోట్ల ఎర్ర దీపం పడితే ఆగాడు. ఎరుపంటే ప్రమాదమేనన్న విషయంలో లోకమంతా తన పక్షమే ఉందని, ఆ దీపం కింద నిలబడి గమనించాడు. ఏం లాభం, మామగారొక్కడూ అటు పక్షం.

క్లినిక్ గదిలో బెంచీల నిండా మనుషులున్నారు. కౌంటరు దగ్గర ఒక పెద్దావిడ కన్ను కొలిచిన కాగితం పట్టుకుని గొడవపడుతోంది. తనకు అరవై మూడట, వీళ్లు డెబ్బై మూడని కొట్టారట. పొద్దున్నించీ నాలుగుసార్లు చెప్పినా ఎవరూ పట్టించుకోలేదట. కౌంటరు అమ్మాయి సర్దిచెబుతోంది, వయసు దగ్గర అందరూ పదేళ్లు తగ్గిస్తారులే అన్న చిరునవ్వొకటి దాచుకుంటూ. బెంచీల మీదా కొందరు దాచుకున్నారు. నిదానం ఒక్కడికే నవ్వు రాలేదు. ఆవిడ చేతిలో కాగితం తీసుకుని చూశాడు. కంప్యూటరు లోపలి లెక్కలో ఆరుకూ ఏడుకూ మధ్య ఒక్క మీట తేడా. అది పడాల్సింది లేచింది. పెద్దావిడ నిజమే చెబుతోంది. ముక్క మొదలుపెట్టేసింది.

అతను లోపలికి పరిగెత్తాడు. ఆపవలసినవాళ్లు ఆపే లోపే ఆపరేషన్ గది తలుపు దగ్గరున్నాడు. మామగారు ఆకుపచ్చ గౌను, తలకు టోపీ, చక్రాల కుర్చీలో చిన్నపిల్లాడిలా మోకాళ్లు దగ్గరకు పెట్టుకుని కూర్చున్నాడు. మందు వేసిన కన్ను నల్లగా, పెద్దగా ఉంది. పక్కన నిదానం భార్య. నర్సు కుర్చీ తోయబోతోంది.

"మామయ్యగారూ, ఒక్క మాట అడగాలి," అన్నాడు నిదానం.

ఆరేళ్లలో అది మొదటి ప్రశ్న. ముసలాయన గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు. కొట్టు తగలబడిందేమో అనుకున్నానని తర్వాత చెప్పాడు.

"అడగండి."

"మీరు ఎర్ర చుక్క పెడితే ఆ ముక్క బాగున్నట్టా, పోయినట్టా?"

"పోయినదానికి రంగు దండగెందుకు? బాగున్నదానికే పెడతాను. మీరు?"

"నేను పోయినదానికి."

నర్సు కుర్చీ వదిలేసింది. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సొరుగులు కలిపింది తనేనని అప్పుడే గుర్తొచ్చింది.

"చుక్కలేని ఎనిమిది జీబీ ముక్క ఒకటుంది కదండీ," అన్నాడు నిదానం.

"ఉంది. అది అంకెలు మారుస్తుంది, అల్లుడుగారూ. పనిచేస్తూనే మారుస్తుంది. అంత దొంగముక్కను నలభై ఏళ్లలో చూళ్లేదు. దాన్నేం చేశారు?"

"మీ కన్ను కొలిచిన కంప్యూటర్లో పెట్టాను."

ముసలాయన కుర్చీ చేతిమీదినుంచి చెయ్యి తీసి గాల్లో వెతికి, అల్లుడి మణికట్టు పట్టుకున్నాడు. ఆ చెయ్యి వణుకుతోంది. రేడియోల నుంచి కంప్యూటర్ల దాకా ఏ తీగ దగ్గరా వణకని చెయ్యి అది. అది కొత్తగా మొదలైన వణుకు కాదని, తెల్లవారినప్పటినుంచీ ఉన్నదేనని నిదానానికి తెలిసింది. భయం సంగతి అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఆపమనండి," అన్నాడు ముసలాయన. "నాకున్నది ఇదొక్కటే."

డాక్టరమ్మ కడిగిన చేతులు పైకెత్తుకుని బయటికొచ్చింది. నిదానం మొత్తం చెప్పాడు, ఎర్ర చుక్కతో సహా, పెద్దావిడ వయసుతో సహా. తప్పు కొట్టుదా, తనదా అన్న చోట కొంచెం ఆగి, తనదే అన్నాడు. మామగారు అదే క్షణంలో నాది అన్నాడు. డాక్టరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కొలిచే యంత్రం తనంతట తాను ఒక చిన్న చీటీ ఇస్తుందని, ఆ చీటీనీ కంప్యూటరు కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూశాకే కత్తి పడతానని చెప్పింది. రోజూ చూస్తారా అని నిదానం అడిగాడు. అడగడం అలవాటు కాని మనిషికి ఒకసారి గేటు తెరుచుకుంటే ఇంతే.

"చూస్తాను," అందామె. చేతుల మీది నీళ్లు మోచేతుల దాకా జారాయి. "చూస్తాననే అనుకుంటున్నాను."

కొలిచే గదిలోకి వెళ్లి నిదానం ఇనప స్టూలు మూడుసార్లు ముట్టుకున్నాడు. మనసొప్పక నాలుగోసారి కూడా. దొంగముక్కను పీకి జేబులో వేసుకోబోయి, అలా వేస్తే మళ్లీ మంచివాటిలో కలిసిపోతుందని, కాగితంలో చుట్టి దాని మీద "పోయింది" అని అక్షరాలా రాశాడు. ఇక మిగిలింది నాలుగు జీబీ ఒక్కటే. కంప్యూటరు పెళ్లినడక నడిచింది గానీ నిజం చెప్పింది. ఆ ఉదయం కొలిచిన నలుగురినీ మళ్లీ కూర్చోబెట్టారు. పెద్దావిడకు అరవై మూడు వచ్చింది. ఆమె ఆ కాగితాన్ని కౌంటరు అమ్మాయికీ, ఒక్కొక్క బెంచీకీ చూపించుకుంటూ వచ్చింది.

మామగారి వంతు వచ్చినప్పుడు డాక్టరమ్మ పాత కాగితం, కొత్త కాగితం, యంత్రం చీటీ మూడూ బల్ల మీద పరిచింది. అంకెల్ని ఒక్కొక్కటే పైకి చదివింది. ఇరవై మూడు, చుక్క, నాలుగు, ఒకటి. మళ్లీ ఇరవై మూడు, చుక్క, నాలుగు, ఒకటి. కటకం పవరు ఇరవై ఒకటిన్నర. కొత్త కాగితంలోనూ ఇరవై ఒకటిన్నరే. ముక్క పెద్దావిడ వయసుతో ఆడుకుంది గానీ, యజమాని కంటి జోలికి రాలేదు. ఎందుకు రాలేదో చెప్పగలిగిన శాస్త్రం లేదు. కోటానుకోట్ల గళ్లలో చెడ్డది ఎక్కడుందో, ఆ అంకె ఎక్కడ పడిందో, అంతే. ఆ "అంతే" దగ్గర నిదానం గోడకు జారగిలబడి కింద కూర్చుండిపోయాడు. మంచినీళ్లు తెచ్చిచ్చిన ఆయా, నిన్న ఇరవై నిమిషాలిచ్చిన ఆవిడే.

ఆపరేషన్ పన్నెండున్నరకు మొదలై ఒంటిగంట లోపే అయిపోయింది. మర్నాడు కట్టు విప్పగానే ముసలాయన మొదట గోడ గడియారం చూసి టైము చెప్పాడు. తర్వాత అల్లుణ్ని చూసి, చిక్కిపోయారే అన్నాడు. ఆరేళ్లలో అల్లుడి ఆరోగ్యం గురించి ఆయన వ్యాఖ్యానించడం అదే మొదలు.

నెల్లాళ్ల తర్వాత మామగారు నల్ల కళ్లద్దాలతో కొట్టుకు వచ్చాడు. ఈలోపు నిదానం డబ్బాలోని నలభై చిల్లర ముక్కల చుక్కలన్నీ దూదితో తుడిపేశాడు. ఇక అన్నీ మొదటినుంచి పరీక్షించాలి. సగం తూర్పు బల్లకు, సగం పడమటి బల్లకు పంచుకున్నారు. పాత గొడవ గురించి ఎవరూ ఎత్తలేదు. జరిగిందేదో జరిగింది, పెద్దాయన పద్ధతే పాటిద్దామని నిదానం తనలో తనే తీర్మానించుకుని, మంచివాటికి చుక్క పెట్టడం మొదలుపెట్టాడు. ఆ మాట పైకి అనలేదు. అంటే లొంగిపోయి చూపించినట్టుంటుంది, ఆయన నొచ్చుకుంటాడు.

మూడోరోజు గోళ్లరంగు సీసా అందుకోవడానికి వెనక్కి తిరిగాడు. మామగారి బల్ల మీద చుక్కలు పెట్టినవి వరసగా ఆరుతున్నాయి. చివరిదాని చిప్పు మాడి, నడిమికి పగిలి ఉంది. చిన్నపిల్లాడైనా చచ్చిందని చెప్పగలడు. దాని మీద గుండ్రంగా, తడిగా, ఎర్ర చుక్క.

నిదానం సీసా సంగతి మర్చిపోయాడు. అడ్డంగా చెయ్యి చాపి కిటికీ ఊచ ముట్టుకున్నాడు. మళ్లీ ముట్టుకున్నాడు. మూడోసారి కూడా.

"మామయ్యగారూ, ఇంకొక మాట అడగాలి."

ముసలాయన తిరగలేదు. కుంచె సీసాలో పెట్టి మూత తిప్పాడు.

"అడగండి," అన్నాడు. "నేనూ మూణ్ణాళ్లనుంచి అడుగుదామనే చూస్తున్నా."